పదకొండో నెల

"పేట్ మే క్యా హై, భాయ్?"

సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉన్న సైఫ్, పొట్టలో ఏముందని మర్యాదగానే అడిగాడు. మామూలుగా అతను ఎవరినీ ఏమీ అడగడు. కానీ దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో ఆ శనివారం పొద్దున్న ఒక చేత్తో పెరుగు డబ్బా, మరో చేత్తో నడుం పట్టుకుని ఆపసోపాలు పడుతూ బయటికి వస్తున్న కుర్రాణ్ణి చూశాక అడగకుండా ఉండలేకపోయాడు. కుర్రాడు కళ్ళజోడు పెట్టుకుని రివటలా ఉన్నాడు. మెడ సన్నం, చేతులు సన్నం, పొట్ట మాత్రం బానంత. పైగా చొక్కా గుండీల సందులోంచి 'సోనా మసూరి' అన్న అచ్చక్షరాలు తొంగి చూస్తున్నాయి.

కుర్రాడి పేరు సుజిత్. అబద్ధాలు ఆడటం బొత్తిగా చేతకాదు. కథలు రాస్తాడు కాబట్టి ఆ ముచ్చట అక్కడే తీరిపోతుంది. అందుకే కంగారులో ఉన్నమాట చెప్పేశాడు.

"బేబీ హై."

సైఫ్ నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూయకుండానే వాకీటాకీ ఎత్తి సూపర్‌వైజర్‌ని పిలిచాడు.

కూరగాయల గోడౌన్ పక్కన చిన్న గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, కెమెరాల టీవీ. సూపర్‌వైజర్ ఆమని ఈ గదిలో చాలామందిని చూసింది. మేజోళ్ళలో బ్లేడ్లు పెట్టుకున్నవాళ్ళని, అన్నం క్యారియర్‌లో సెంటు సీసాలు దాచినవాళ్ళని చూసింది. బియ్యం బస్తాని పాత లుంగీతో కడుపుకి కట్టుకున్న మనిషిని మాత్రం ఇదే చూడటం.

"ఓపెన్ ఇట్," అంది.

"అవ్వ, ఇజ్జత్ పోయింది," అని సుజిత్ తనలో తాను గొణుక్కున్నాడు.

ఆమని కనుబొమలు పైకి లేచాయి. "తెలుగువారాండీ?"

"హన్మకొండ, మేడం. నేను దొంగను కాదు. ఈ బియ్యం నేను పోయిన నెల కొన్నయే. మీ దగ్గర్నే కొన్న. బిల్లు పారేసిన."

"కొన్న బియ్యాన్ని మళ్ళీ కొట్టుకి ఎందుకు తెచ్చారండి? అదీ కడుపులో పెట్టుకుని?"

"నేను ప్రెగ్నెంట్ మేడం." సుజిత్ తల పట్టుకున్నాడు. "అంటే, నేను కాదు. మందాకిని."

గుమ్మంలో నిలబడ్డ సైఫ్‌కి తెలుగు రాదు. 'ప్రెగ్నెంట్' మాత్రం అర్థమైంది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

విషయం ఇదీ. సుజిత్ పగలంతా ఒక క్లియరింగ్ ఆఫీసులో ఓడ సరుకుల కాగితాలు చూస్తాడు. ఆదివారం ఆదివారం ఒక ఆడియో యాప్‌లో సీరియల్ చదువుతాడు. రాసేదీ తనే, చదివేదీ తనే. అందులో హీరోయిన్ మందాకినికి ఏడో నెల. పోయిన ఆదివారం ఎపిసోడ్‌లో ఆవిడ బస్సు అందుకోవడానికి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది.

అంతే, వినేవాళ్ళు మీదపడ్డారు. అందరికన్నా పెద్ద దెబ్బ హన్మకొండ నుంచి వాళ్ళ అక్క వైదేహి వేసింది. "ఒరేయ్, దానికి కడుపని మాకు చెప్పినవు గని, దానికి చెప్పలేదారా?" అంది ఫోన్లో.

సుజిత్ రెండు రోజులు పాత ఎపిసోడ్లన్నీ తిరిగి విన్నాడు. ఆ తర్వాత ఒట్టు పెట్టుకున్నాడు. ఇకమీదట పాత్ర ఒంట్లోకి, మనసులోకి వెళ్ళకుండా కలం పట్టేది లేదు. ముందు ఒళ్ళు. అందుకు ఇంట్లో కనిపించింది బియ్యం బస్తా.

ఆమని అతని ముఖం వైపు చూసింది. బస్తా వైపు చూసింది. టీవీలో పొద్దుటి కెమెరా రికార్డు వెనక్కి తిప్పింది. తెరమీద సుజిత్ లోపలికి వచ్చాడు. వచ్చేటప్పుడే పొట్ట ఉంది. ట్రాలీకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. కింది అరలో ఉల్లిపాయల వైపు కాసేపు దిగులుగా చూసి, తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

దొంగతనం లేదని తేలిపోయింది. అయినా ఆమని టీవీ ఆపలేదు. ఒకచోట నిలిపింది.

"ఇక్కడ తప్పు చేశారండి."

సుజిత్ తెర దగ్గరికి జరిగాడు. "ఏం తీసిన మేడం?"

"తీయలేదు. వంగారు. పెరుగు డబ్బా కోసం నడుం దగ్గర్నించి ముందుకి వంగారు. ఏడో నెల మనిషి అలా వంగదండి. కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఏదో ఒకటి పట్టుకుని, నెమ్మదిగా దిగుద్ది."

సుజిత్ బిత్తరపోయి చూశాడు. పోలీసులు వస్తారనుకుంటే వ్యాకరణం దిద్దే టీచరు వచ్చినట్టుంది. "మీకెట్ల తెలుసు?"

"రోజూ చూస్తున్నాను కదండి," అని ఆమని తలుపు తీసి కేకేసింది. "పద్మజక్కా, ఒక్కసారి రా."

పద్మజ క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తుంది. రాజోలు వైపు మనిషి. ఆమె భర్త రాజబాబుది ఫుజైరాలో ఓడలకి ఇంధనం పట్టే బోటు మీద పని, వారానికో పదిరోజులకో ఇంటికి వస్తాడు. వాళ్ళ ఫ్లాట్‌లోనే ఒక గది ఆమనిది. పద్మజకి నిజంగానే ఏడో నెల.

ఆమె నెమ్మదిగా లోపలికి వచ్చి, ఉన్న రెండో కుర్చీలో కూర్చుని, సంగతంతా విని, బస్తాని వేలితో పొడిచి చూసింది.

"రేతిరి కూడా కట్టుకున్నావా తమ్ముడూ?"

"లేదక్కా. పడుకునేటప్పుడు ఇప్పిన."

"ఇప్పేత్తే మరి అది కడుపెలాగవుద్ది? సంచీ అవుద్ది." పద్మజ నవ్వలేదు. "నాకూ ఇదే మొదటిది, నాకు మాత్రం పెద్ద తెల్సా ఏంటి. కానీ ఒకటి సెప్తాను. నీకు బరువనిపిత్తే ఇప్పేసుకోవచ్చని నీకు తెల్సు. నాకు ఆ వీలు లేదు. అదే తేడా."

సుజిత్ బస్తా మీద చెయ్యి వేసుకున్నాడు. నాలుగేళ్ళుగా ప్రేమకథలు రాస్తున్నాడు. ఇంత సూటిగా ఒక్క వాక్యం ఎప్పుడూ రాయలేదు.

"వచ్చే శనివారం దాకా ఇప్పకూడదు," అని ఆమని తీర్పు చెప్పింది. "స్నానానికి తప్ప. ఫోన్ నంబర్ ఇవ్వండి. నేను చెక్ చేస్తాను."

"మీరెందుకు మేడం చెక్ చేసుడు?"

"మా కొట్టు బియ్యం కదండి," అంది. అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూడగానే సుజిత్‌కి పొట్ట దగ్గరే కాదు, ఇంకో నాలుగంగుళాలు పైన కూడా ఏదో బరువు తెలిసింది.

ఆ వారం సుజిత్ జీవితంలో ఎన్నడూ పడనన్ని పాట్లు పడ్డాడు. ఆఫీసులో ముదీర్, అదే మేనేజరు, అతని పొట్ట చూసి హడలిపోయి, ఇన్సూరెన్స్ కార్డు తీసుకుని డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాడు. లిఫ్టులో ఒక ఫిలిప్పీన్స్ ముసలమ్మ అతనికోసం శిలువ గుర్తు వేసుకుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. పక్కకి తిరిగితే బస్తా ముందు తిరుగుతుంది, తను వెనకాల వెళ్ళాలి. బూటు లేసులు కట్టుకోవడం ఒక యజ్ఞం. పొద్దున్నే ఆమని వాయిస్ మెసేజ్ వచ్చేది. "ఉందాండీ?" ఇతను నీరసంగా జవాబు పెట్టేవాడు. "ఉంది."

వారం తిరిగాక ఆదివారం ఎపిసోడ్‌లో మందాకిని ఎక్కడికీ పరిగెత్తలేదు. మంచం మీద ఎడమ పక్క నుంచి కుడి పక్కకి తిరిగింది. అంతే. ఎపిసోడ్ మొత్తం అదే.

వినేవాళ్ళు నివ్వెరపోయారు. రాసింది మగవాడేనా అని ఒకావిడ, నా మంచం కింద ఎవరైనా దాక్కున్నారా అని ఇంకొకావిడ రాశారు. వైదేహి ఫోన్ చేసి, "మీ బావకు గూడ వినుమని పంపినరా," అని పెట్టేసింది.

సుజిత్ ఎదురుచూసింది మాత్రం ఆమని ఫోన్ కోసం. డ్యూటీ అయ్యాక సముద్రం ఒడ్డున కార్నిష్ దగ్గర టీకొట్టుకి రమ్మంది. ఇతను పొంగిపోతూ వెళ్ళాడు. చిక్కటి కరక్ టీ వచ్చింది. ఇతను కప్పు ముందు పెట్టుకుని పొగడ్త కోసం కూర్చున్నాడు.

"బాగుందండి. పద్మజక్క రెండుసార్లు వింది," అంది ఆమని. "కానీ ఒళ్ళొక్కటే ఉంది. మనసేదండి?"

"మనసంటే?"

"మందాకిని అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎందుకు నిద్ర పట్టలేదు? నడుం నొప్పేనా? మా అక్క రాత్రి లేచి కూర్చుంటది. ఏంటక్కా అంటే ఏం లేదంటది. అది నొప్పి కాదండి. భయం. అది మీ బస్తాలో లేదు."

సుజిత్ చప్పబడిపోయాడు. భయం ఎక్కడ దొరుకుతుంది, ఏ లుంగీతో కట్టుకోవాలి? ఆ మాటే అన్నాడు. "ఏమోనండి, మీరు కదా రైటరు," అని ఆమని తన టీ తాగేసి లేచింది.

అప్పటినుంచి వారంలో రెండు మూడు సాయంత్రాలు ఆ టీకొట్టు దగ్గర కలిసేవారు. పేరుకి మందాకిని కోసం. ఆమని తప్పులు పట్టేది, ఇతను వాదించేవాడు, ఓడిపోయేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి వాన పడింది. అజ్మాన్‌లో వానంటే పెళ్ళి ఊరేగింపే, జనమంతా ఫోన్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. ఆమని మాత్రం ఫోన్ తీయలేదు. చెయ్యి చాపి, అరచేతిలో నీళ్ళు పట్టి, వాటి వైపు చూస్తూ నిలబడింది.

"మా అమలాపురంలో ఇది లెక్కలోకి రాదండి," అంది.

సుజిత్ వానని చూడలేదు. అది ఆమె గమనించింది. గమనించిన సంగతి ఇతను గమనించాడు. ఇద్దరూ ఒక్కసారే టీకొట్టు బోర్డు వైపు తిరిగి, అక్కడ రాసిన శాండ్‌విచ్‌ల పేర్లు శ్రద్ధగా చదువుకున్నారు.

భయం డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం దొరికింది. దొరకకపోయినా బాగుండేదని సుజిత్ తర్వాత అనుకున్నాడు.

ఆఫీసులో ఉండగా ఆమని ఫోన్. ఎప్పుడూ నిదానంగా ఉండే గొంతు వణుకుతోంది. "మీ కారు ఉందాండి? పద్మజక్కకి పొద్దున్నుంచి లోపల బిడ్డ కదలట్లేదంట. ఇందాకటిదాకా నాకు చెప్పలేదు. బావ బోటు మీద ఉన్నాడు, ఫోన్ కలవట్లేదు."

సుజిత్ కారు తాళం ఎలా తీశాడో, ఆ ఫ్లాట్‌కి ఏ దారిన వెళ్ళాడో అతనికి గుర్తు లేదు. పద్మజ వెనక సీట్లో రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలో ఆమె ముఖం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు మాత్రం లోపలికి తిరిగి, చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టుంది.

"తమ్ముడూ," అంది ఆమె ఒకచోట.

"ఆఁ, అక్కా."

"పాట పెట్టకు. నాకు ఇనబడాలి."

పాట ఏదీ రావడం లేదు. రేడియో ఎప్పుడో కట్టేసి ఉంది. సుజిత్ కారు అద్దాలు కూడా పైకెత్తేశాడు.

ఆసుపత్రి నడవాలో నర్సు తలుపు పూర్తిగా వేయలేదు. లోపల గరగరమని మిషన్ చప్పుడు, మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ గరగర. ఆమని ఇతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలియదు. సుజిత్ బతుకులో అంత పొడుగైన నిశ్శబ్దం వినలేదు. దేవుడనేవాడితో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, ఆ క్షణాన గోడ వైపు తిరిగి, ఏదన్నా అడుగు, ఇస్త, అది మాత్రం కదలనీ అని లోపల్లోపల బతిమాలుకున్నాడు.

అప్పుడు వినబడింది. టకటక టకటకమని, పరుగు పరుగున.

పద్మజ అప్పుడు ఏడ్చింది. ఆమని ఏడ్చింది. సుజిత్ ఏడవకూడదనుకుని నీళ్ళ మిషన్ దగ్గరికి వెళ్ళి ఏడ్చాడు.

చీకటి పడ్డాక ఇంటికి తిరిగి వచ్చారు. ఫ్లాట్ కింద దిగాక పద్మజ కారు అద్దం దగ్గర వంగింది, కాళ్ళు ఎడంగా పెట్టుకుని, తలుపు పట్టుకుని.

"ఇది రాత్తావా తమ్ముడూ?"

"లేదక్కా. ఇది మీది. రాయను."

"రాయి. నాలాగే చాలామంది ఎవురికీ సెప్పకుండా కూకుని ఉంటారు. ఆల్లు ఇని ఆసుపత్రికెల్తారు. కానీ సివర్న తన్నిందని రాయి. తన్నకుండా ఆపేసి వచ్చేవారం ఇనండి అన్నావనుకో, నేనొచ్చి నిన్ను తంతాను."

ఆ ఎపిసోడ్ రాశాడు. ఒక్క చుక్క కూడా కల్పించలేదు, మందాకిని పేరు తప్ప. రికార్డు చేస్తుంటే గొంతు రెండుసార్లు ఆగిపోయింది, దాన్నలాగే ఉంచేశాడు. ఆమని విని ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టింది. 'ఇప్పుడు ఉందండి.' ఆ రెండు మాటలు సుజిత్ చాలాసార్లు చదువుకున్నాడు. చదువుకుంటూ ఉండగా అతనికి రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, ఆమని లేకుండా తను ఉండలేడు. రెండు, కథ ఇంకో నెలన్నరలో అయిపోతుంది.

మందాకిని ప్రసవిస్తే సీరియల్ అయిపోయినట్టే. సీరియల్ అయిపోతే టీకొట్టు దగ్గర కలవడానికి ఏం వంక ఉంటుంది? మనసులో మాట చెప్పేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. రాసే ప్రతి కథలోనూ హీరోచేత వాన తగ్గేలోపు చెప్పించేసే మనిషికి, తన విషయం వచ్చేసరికి నాలుక మడతపడిపోయింది.

అందుకని సుజిత్ ఒక ఘోరం చేశాడు. మందాకినికి పురుడు రానివ్వలేదు.

జనవరి చివర్లో పద్మజకి పాప పుట్టింది. బొద్దుగా, కోపంగా, పిడికిళ్ళు బిగించుకుని పుట్టింది. మందాకినికి తొమ్మిదో నెల ఇంకా నడుస్తోంది. ఒక ఆదివారం ఆవిడకి చింతకాయ పచ్చడి మీద మనసైంది. ఇంకో ఆదివారం చిన్ననాటి స్నేహితురాలు వచ్చి రెండు ఎపిసోడ్లు కబుర్లు చెప్పింది. ఒకసారి నొప్పులు వచ్చాయి, ఆసుపత్రి దాకా వెళ్ళి, ఇవి దొంగనొప్పులని తేలి, తిరిగి వచ్చేసింది.

వినేవాళ్ళకి మతిపోయింది. వేళ్ళ మీద నెలలు లెక్కబెట్టి కామెంట్లు పెట్టడం మొదలుపెట్టారు. 'లోపల ఉన్నది ఏనుగు పిల్లా?' అని ఒకరు. 'డాక్టర్‌ని మార్చండి' అని ఇంకొకరు. వైదేహి అయితే ఫోన్లో ఉతికి ఆరేసింది. "పదకొండో నెలరా అది. మనిషివా, రాక్షసునివా? ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

"కథ అట్ల డిమాండ్ చేస్తుందక్కా."

"కథ కాదు, నువ్వే ఏదో దాస్తున్నవు," అంది వైదేహి. అక్కలకి ఇవన్నీ ఎలా తెలుస్తాయో తెలియదు.

మార్చిలో, రాజోలు నుంచి రావడానికి రాజబాబు వాళ్ళమ్మకి వీసా దొరికాక, పాపని ఉయ్యాలలో వేశారు. ఫ్లాట్ హాలు నిండా జనం, సాంబ్రాణి పొగ, పులిహోర. రాజబాబు ఫుజైరా నుంచి సెలవు పెట్టుకుని వచ్చి, కూతురి ఉయ్యాల ఊపుతూ ఎవరికీ ఆ తాడు ఇవ్వడం లేదు. సుజిత్ ఒక మూల నిలబడి ఆమని ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఆమె చిలకాకుపచ్చ చీరలో వంటింటికీ హాలుకీ తిరుగుతోంది. ఇటు వచ్చినప్పుడల్లా ఇతని కళ్ళు పులిహోర మీదికి పోతున్నాయి.

పద్మజ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "మందాకిని ఎలాగుంది?"

"బాగుందక్కా."

"ఎలాగ బాగుంటది? నా పిల్లకి ఉయ్యాలేసేశాం. దానికింకా పురుడే కాలేదు." పద్మజ గొంతు తగ్గించింది. "ఆమని నీకు సెప్పిందా? ఖోర్ ఫక్కాన్ బ్రాంచికి ఇన్‌చార్జిగా ఏశారు. ఎల్లుండి ఎల్లిపోతంది."

సుజిత్ చేతిలో పులిహోర గిన్నె ఉంది. అది ఉన్న సంగతి అతనికి తెలియలేదు. ఖోర్ ఫక్కాన్ అంటే దేశానికి ఆ చివర, కొండలు దాటి, అటు సముద్రం ఒడ్డున. అక్కణ్ణించి ఈ టీకొట్టుకి సాయంత్రం డ్యూటీ దిగి నడిచి వెళ్ళడం అయ్యే పని కాదు.

ఆమని వచ్చింది. ఇతను లేచాడు. చెప్పాల్సింది బోలెడుంది. నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే.

"కంగ్రాట్స్ మేడం."

ఆమని అతని చేతిలోని గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టింది. "బాల్కనీలోకి రండి. మీతో పనుంది," అంది.

బాల్కనీలో ఉతికిన పాప బట్టలు ఆరేసి ఉన్నాయి. అవతల ఎండలో క్రేన్లు, నీటి ట్యాంకులు. ఆమని తలుపు దగ్గరగా వేసింది.

"మీలాగే నేనూ ఒక పాత్రలోకి వెళ్ళి వచ్చానండి. నిన్న. టీకొట్టుకి ఒక్కదాన్నే వెళ్ళాను. చూపిస్తాను, తప్పులుంటే చెప్పండి."

అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం కూర్చోవడమే మారిపోయింది. భుజాలు ముందుకి వచ్చాయి. కుడి మోకాలు ఊగడం మొదలైంది. లేని కళ్ళజోడుని వేలితో పైకి నెట్టుకుంది. కుర్చీ ముందు లేని టీ కప్పు పెట్టుకుని, దాని చెవి అటు తిప్పి, ఇటు తిప్పి, తాగకుండా కూర్చుంది.

సుజిత్ అద్దంలో చూసుకున్నట్టు చూశాడు. తనే అక్కడ కూర్చుని ఉన్నాడు, చిలకాకుపచ్చ చీర కట్టుకుని.

"ఈ మనిషి టీ చల్లారేదాకా ఎందుకు తాగడో నాకెప్పుడూ అర్థం కాలేదండి," అంది ఆమని, మోకాలు ఊపుతూనే. "నిన్న అలాగే కూర్చుని చూశాను. అప్పుడు తెలిసింది. టీ అయిపోతే లేవాలి. అందుకని తాగడు."

సుజిత్ తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"అక్కణ్ణించి ఇంకొంచెం లోపలికి వెళ్ళాను." ఆమె గొంతు మారింది. అమలాపురం మాట పోయి హన్మకొండ మాట వచ్చింది, అచ్చంగా, ఎక్కడా తడబడకుండా. "నా పేరు సుజిత్. నాకు కథలు రాసుడొక్కటే వచ్చు. మందాకినికి కాన్పు అయితే కథ ఖలాస్ అయితది. కథ అయిపోతే ఆమనిని ఏమని కలుస్త? అందుకే ఆ పిల్లకు కాన్పు చేస్తలేను. పదకొండు నెలల సంది మోపిస్తున్న. జనం తిడుతున్నరు, అక్క తిడుతున్నది. తిట్టనీ. నాకు భయం. మొదలు నేను కథ కోసమే పోయిన. ఇప్పుడు మనసులోది చెప్తే, ఇది గూడ కథ కోసమే అనుకుంటది."

కుర్చీ చేతి మీద పాప లంగోటా ఒకటి జారిపడింది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు. సుజిత్ గోడకి ఆనుకున్నాడు. ఒక మనిషి లోపలికి వెళ్ళడం గొప్ప అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన లోపలికి ఇంకొకరు వచ్చి, దీపం వేసి, అన్నీ చూసి వెళ్తే ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడే తెలిసింది. సిగ్గుగానూ ఉంది, ఏదో దించుకున్నట్టుగానూ ఉంది.

ఆమని మోకాలు ఆగింది. మళ్ళీ తన గొంతుతో అంది. "అక్కడిదాకా వెళ్ళగలిగానండి. ఆ తర్వాత తలుపేసి ఉంది. లోపల ఏముందో నాకు తెలీదు."

"నిజంగ తెల్వదా?"

"తెలుసనుకోవడం వేరండి. తెలియడం వేరు. మీరు చెప్పాలి."

హాల్లోంచి ఉయ్యాల పాట వినబడుతోంది. సుజిత్ కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరంటే ఇష్టం," అన్నాడు. అది చాలా మామూలు వాక్యం, అతని కథల్లో అయితే కొట్టేసేవాడు. "కథ కోసం కాదు. మీరు చెప్పినయన్నీ రాసిన. పద్మజక్కవి రాసిన. మీ గురించి మాత్రం ఒక్క లైను గూడ రాయలే. చూస్కోండి, ఎక్కడ లేరు మీరు. రాయబుద్ధి కాలే. రాస్తే మీరు నాకు పూరా తెల్సినట్టు అయితది. నాకు ఏం తెల్వదు. ఇంక చాన తెల్సుకోవాలె."

ఆమని కుర్చీలోంచి లేచింది. అంతసేపూ అతని మనసుని అరచేతిలో పట్టినట్టు చెప్పిన మనిషి, ఈ మాటకి మాత్రం సిద్ధంగా లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవడానికి తలతిప్పి క్రేన్ల వైపు చూసింది.

"ఇది నాకు తట్టలేదండి," అంది.

"మరి మీరు? మీ మాట చెప్పలే."

"చెప్పాను కదండి. నిన్న మొత్తం మీలా కూర్చుని చల్లారిన టీ తాగాను. ఇష్టం లేని మనిషి కోసం ఎవరైనా అంత చేదు తాగుతారా?" అని తలుపు తీయబోయి ఆగింది. "ముందు ఆ మందాకినికి పురుడు పొయ్యండి. నడుం విరిగిపోయి ఉంటుంది పాపం."

"పోస్త. మరి ఖోర్ ఫక్కాన్‌కు నేను ఏమని రావాలె? ఇంక వంక లేదు కద."

ఆమె జవాబు చెప్పేలోపు లోపల్నించి పద్మజ కేకేసింది, అక్షతలు వేయడానికి అందరూ రావాలని. ఆమని వెళ్ళిపోయింది. సుజిత్ ఆ ప్రశ్న పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ ఆదివారం మందాకినికి ఆడపిల్ల పుట్టింది. జనం పండగ చేసుకున్నారు. వైదేహి ఫోన్ చేసి, "ఇప్పుడు చెప్పు, పిల్ల పేరేంది?" అంది. సుజిత్ మందాకిని కూతురికి పెట్టిన పేరు చెప్పాడు. "ఆ పిల్ల కాదురా, నీ పిల్ల," అంది. సుజిత్ చెప్పాడు. అవతల "అమ్మా, ఇటు రా జల్ది" అన్న కేక. వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని, ఏ ఊరు, ఏం చదివింది అని అడగలేదు. "నీ పదకొండు నెలల కథ ఆపిచ్చింది ఆ పిల్లేనా?" అని అడిగింది. అవునంటే, "అయితే తెలివిగలదే, తీస్కరా," అంది.

ఆపై శనివారం దాకా సుజిత్ వంకల కోసం వెతికాడు. ఆఫీసు పని మీద వచ్చానని చెప్పొచ్చు, కానీ ఖోర్ ఫక్కాన్ రేవులో తమ ఆఫీసుకి పనేమీ లేదు. కొత్త సీరియల్ మొదలుపెడుతున్నానని చెప్పొచ్చు, కానీ మొదలుపెట్టలేదు. కారు కొండల మధ్య సొరంగాల్లోంచి వెళ్తున్నంతసేపూ ఒక్కొక్క వంకా పైకి అని చూసుకున్నాడు. ఏదీ నమ్మేలా లేదు. చివరి సొరంగం దాటాక ఎదురుగా సముద్రం కనిపించింది. అతను అన్నీ వదిలేశాడు.

కొత్త బ్రాంచి గుమ్మంలో ఆమని చేతిలో తాళాల గుత్తితో నిలబడి, పళ్ళ బుట్టలు సర్దిస్తోంది. కారు దిగి వస్తున్న మనిషిని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చేతిలోని గుత్తి కిందపడింది.

"ఏంటండీ, ఇంతదూరం? ఏమైంది? అక్క బాగానే ఉందా?"

"అందరు బాగున్నరు."

"మరి ఏదన్నా పనిమీదా?"

సుజిత్ ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి పక్కన చదవడానికి ఏ బోర్డూ లేదు, అవసరమూ లేదు.

"ఏం లేదు. ఊరికే వచ్చిన," అన్నాడు.

ఆమని కిందపడ్డ తాళాల గుత్తి తీసుకుంది. తర్వాత లోపలికి తిరిగి, ఈ పూట తను సెలవు తీసుకుంటున్నానని అక్కడున్నవాళ్ళతో చెప్పింది.